గేటు దాటిన పాట

ఆరోగ్యస్వామి కాసిన గేటులోంచి చీటీ లేకుండా చీమ కూడా బయటికి పోలేదు.

ఇది ఆయన మాటే. హిందీ మాట్లాడే ఊరు గోవింద్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చు. లారీల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. లోపలికొచ్చేవాణ్ణి ఒక చూపు చూస్తే చాలునట. సరుకుతో బయటికి పోయేవాణ్ణి మాత్రం ఆపి, మూట విప్పించాల్సిందేనట.

"మేనేజరు గారి టిఫిను డబ్బా కూడా మూత తీయించేను, తెల్సా?"

"తీయించేరు సరే, అందులో ఇడ్లీ ఎవరు తిన్నారండీ?" అనేది భార్య బాలకుమారి.

అలాంటి ఇంటికి కంప్యూటర్ వచ్చింది. బడిలో పాఠాలు చెప్పే కూతురు సుకీర్తి కొనుక్కుంది.

బిగించడానికి ఆదిత్యపూర్ నుంచి ఆల్విన్ వచ్చాడు. సొంత దుకాణం, నవ్వు మొహం. సుకీర్తితో హిందీలో ఒకటే కబుర్లు. ఆ కబుర్లే ఆరోగ్యస్వామికి నచ్చలేదు.

నచ్చకపోయినా ఒక పాత క్యాసెట్టు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

అందులో తండ్రి అసిరయ్య పాడిన పాటలున్నాయి. దేవుడి పాటలు, నాట్ల పాటలు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇటుకలు మోసిన ఆ మనిషి, కొడుక్కి వదిలి వెళ్లింది ఆ గొంతు ఒక్కటే.

ఆల్విన్ పాటలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆఖరి పాట ఎక్కీ ఎక్కగానే ఆ ముసలి టేపు తెగి, నలిగి, యంత్రానికి చుట్టుకుపోయింది.

"పర్లేదంకుల్, అన్నీ లోపల పడిపోనాయి. ఇంకో మాట. రోజూ తెర మీద ఒక డబ్బా వత్తాది. ఒక ప్రోగ్రామ్ బయటికి పోతానంటాది. అప్పుడు మీరు..."

"గేటు సంగతి నాకు సెప్తన్నావేటి? బయటికెవరు పోవాలో నాకు తెల్దా? చాయ్ తాగి బయల్దేరు."

ఆల్విన్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆరోగ్యస్వామి వరండాలోకి వెళ్లిపోయాడు. బాలకుమారి టీ కప్పులు పట్టుకొచ్చింది.

మర్నాడు డబ్బా వచ్చింది. ఎన్నడూ వినని పేరున్న ప్రోగ్రామ్ ఒకటి బయటికి వెళ్తానంటోంది, పంపాలా, ఆపాలా అని అడిగింది.

"సరుకుతో పోతన్నావా? ఆగక్కడ!"

ఆపు మీద నొక్కాడు.

ఆ మర్నాడూ వచ్చింది. ఆపాడు.

పక్కనే 'మళ్లీ అడగొద్దు' అని చిన్న గడి ఉంది. దాని జోలికి పోలేదు. అడగడం మానేస్తే ఇక కాపలావాడెందుకు?

"ఛోడో నా డాడీ! ఆల్విన్ సే పూఛ్ లో," అంది సుకీర్తి.

"ఆణ్ణి అడగాలా? ఆడి పేరెత్తకు!"

కొన్నాళ్లకు డబ్బా రావడం మానేసింది.

"సూసేవేటే? దొంగ నా కళ్లు సూసి పారిపోనాడు!"

"అవునండీ," అంది బాలకుమారి పప్పుకి పోపు పెడుతూ.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. ఆ తర్వాత కంప్యూటర్ లోపల టకటకమని చప్పుడు, తెర మీద చీకటి. సాక్చీ బజారులో చూపిస్తే డిస్కు కాలిపోయిందన్నారు. అందులోవేవీ ఇక రావన్నారు.

ఆరోగ్యస్వామి అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"మా అయ్య రెండోసారి పోనాడే."

"ఆల్విన్ దగ్గరికి పదండి."

"ఆడేటి సేత్తాడు?"

"ముందు చెప్పులేసుకోండి."

ఖర్కాయి నది వంతెన దాటి ఆదిత్యపూర్ చేరారు. దుకాణంలో ఆల్విన్ అంతా విని, తన కంప్యూటర్ వైపు తిరిగి ఏదో నొక్కాడు.

గరగర వినిపించింది. తర్వాత ఒక దగ్గు. ఆ దగ్గు అసిరయ్యది.

పాట మొదలైంది.

ఆరోగ్యస్వామి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఒక పాట, ఇంకో పాట, అన్నీ ఉన్నాయి.

"ఇవి ఇక్కడికెలా వచ్చేయి బాబూ?"

"నేను పెట్టిన ప్రోగ్రామేనంకుల్. రోజూ బయటికి పోతానన్నది అదే. పాటల కాపీ తీసి, నెట్ మీద పంపి ఇక్కడ దాత్తాది."

"నేను రోజూ ఆపేను కదా!"

"మధ్యలో ఎవరో 'మళ్లీ అడగొద్దు' గడి నొక్కి, పంపమన్నారు. అందుకే మళ్లీ అడగలేదు."

ఇద్దరూ బాలకుమారి వైపు చూశారు.

"నేనే," అంది ఆవిడ. "కంప్యూటర్లో పేకాడుతుంటే ముక్కల మీద అడ్డొచ్చింది. ఏటో ఒకటి నొక్కేను."

ఆరోగ్యస్వామి కళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వాడు.

"నా గేటులోంచి చీమ పోనేదు గానీ, మా అయ్య పోనాడే! చీటీ లేకుండా, పాడుకుంటూ మరీ పోనాడు! నన్ను బతికించేవు బాబూ."

తర్వాత ఆల్విన్‌ని మొదటిసారి తీరిగ్గా, ఎగాదిగా చూశాడు. కుర్రాడు బాగానే ఉన్నాడు. అల్లుడైతే తప్పేమిటి?

"ఆదివారం బోజనానికి రా బాబూ."

"తప్పకుండా అంకుల్. మా ఆవిణ్ణి, పాపని కూడా తెత్తాను."

ఆరోగ్యస్వామి చూపు తిప్పుకుని, "తే, తే," అన్నాడు.

ఈ కథలో నేను కల్పించింది పేకాట ఒక్కటే, అదీ ఆరోగ్యస్వామి పరువు కోసం. బాలకుమారికి రాజుకీ జాకీకీ తేడా తెలియదు. ఆ రోజు ఆల్విన్ చెప్పిన మిగతా మాటంతా టీ కప్పులతో నిలబడి విన్న మనిషి, మావగారు బయల్దేరుతున్నారని తెలిసే గేటు తీసింది.