సగం మత్తు

"నీళ్లు! సూదిలో వట్టి నీళ్లు పెట్టి పొడుస్తున్నారు!"

శామ్సన్ కేకలకి వార్డు వార్డంతా లేచి కూర్చుంది.

సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి ఎగదన్ని అతని రెండు కాళ్లూ కాలాయి. రోజూ కట్టు మార్చాలి. మొదటి రోజు మత్తిచ్చి మార్చారు, చీమ కుట్టినట్టు కూడా లేదు. రెండో రోజు నుంచి నరకమే. అసలు మత్తే లేకపోయినా ఇంత మంట ఉండదేమో అనిపించేది.

అదృష్టం కొద్దీ అదే ఆసుపత్రిలో అతని భార్య రేచల్ నర్సు. కట్టు మార్చేదీ ఆమే. "మా ఆయన్ని ఓదార్చు ప్రభువా" అంటూ ఎంత మెల్లగా విప్పేదో! గుఢియారీ నుంచి ప్రార్థనకొచ్చిన చర్చివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"నువ్వు డబుల్ డ్యూటీ చేసి ఎప్పుడొస్తావా అని అన్నం ముట్టకుండా కూర్చునేది మహాతల్లి. పెట్టి పుట్టావురా!" అన్నాడు వాళ్లతో వచ్చిన ప్రకాశం బాబాయి.

శామ్సన్‌కి ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఇవాళ్టి కట్టు నొప్పి లేకుండా గడవాలి. పొద్దున్నే మత్తు డాక్టరు గిరిధర్ కనిపించగానే చేతులు జోడించాడు.

"డాక్టర్ సాబ్, సచ్ చెప్పండి. మందు నకిలీదా?"

"మందు అసలుదే, మోతాదే సగం. మెదడు అడుగున, కాండంలో, నొప్పిని అణిచిపెట్టే కణాలుంటాయి. ఈ మందు కొంచెమే ఇస్తే ముందు అవి పడుకుంటాయి. మీరేమో మేలుకునే ఉంటారు. కాపలావాడు నిద్రపోతే దొంగకి పండగే కదా!"

"అరే! మరి ఫుల్ ఇవ్వొచ్చుగా?"

"ఇదంతా చెప్పి నేనూ అదే అన్నాను. మొదటి రోజు ఏమీ కాకపోవడమే అదృష్టం అంటూ మీ ఆవిడే ఒప్పుకోలేదు. మునుపు అపెండిక్స్ ఆపరేషన్లో ఫుల్ మత్తుకి మీ ఊపిరి ఆగిపోయిందట కదా! భయం పాపం" అంటూ గిరిధర్ పక్క వార్డుకి వెళ్లిపోయాడు.

శామ్సన్ పొట్ట తడుముకున్నాడు. ఆ ఒంటిమీద ఇంతవరకు కత్తి పడలేదు.

ఇంతలో రేచల్ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నాకెప్పుడయిందే ఆపరేషన్? కళ్లు మూసుకుని నమ్మానే నిన్ను! కట్టుకున్నదానివి, నమ్మించి గొంతు కోస్తావా? నీకేం ద్రోహం చేశానే నేను?"

అతని కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

రేచల్ చెయ్యి విడిపించుకుంది. మంచం చుట్టూ తెర లాగింది. ఎప్పటిలాగే మెల్లగా కట్టు అంచు పట్టుకుంది.

"మొదటి రోజు మత్తు దిగేటప్పుడు, ఉర్లాలో ఫణిశ్రీతో పెట్టిన కాపురం సంగతి మీ నోటితో మీరే చెప్పారండీ."