నాగ్‌పూర్ వాళ్ళు

టెంట్ మేకు మీద పడాల్సిన సుత్తి రఘు బొటనవేలి మీద పడింది.

"సచ్చాన్రా నాయనో" అన్నాడు రఘు.

పక్క టెంటు సైట్‌లో మడత కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన తలెత్తాడు. ఎడారిలో కాఫీ హోటల్ కనబడ్డవాడిలా లేచి వచ్చాడు.

"తెలుగువాళ్ళా బాబూ? నా పేరు విశ్వనాథం. మాది బాపట్ల దగ్గర."

రఘు బొటనవేలు నోట్లోంచి తీశాడు.

"నో అంకుల్. నాగ్‌పూర్" అన్నాడు ఇంగ్లీషులో.

పెద్దాయన రఘు బొటనవేలి వంక చూశాడు.

"ఓహో. మరాఠీ వినడానికి చాలా బావుంటుంది" అని ఆయనా ఇంగ్లీషులోనే చెప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

రఘుకి ఉద్యోగం పోయి యాభై రోజులు. వీసా గడువు ఇంకో పది రోజులు. కెనడాలో స్థిరపడేందుకు పీఆర్ వచ్చింది, స్టాంపింగ్‌కి పంపిన పాస్‌పోర్టులే రావాలి. ఈలోపు అపార్ట్‌మెంట్ లీజు అయిపోయింది. బ్యాంకులో ఉన్నది కెనడా వాళ్ళకి చూపించాల్సిన డబ్బు, హోటల్‌కని దాన్ని ముట్టుకోకూడదు.

అందుకే మిషిగన్‌లో ఊరికి దూరంగా ఈ క్యాంప్‌గ్రౌండ్, ఒక టెంటు, మూడు స్లీపింగ్ బ్యాగులు. ఫ్రెండ్స్‌కి మాత్రం వెకేషన్ అని చెప్పారు.

ఇన్నాళ్ళూ వాళ్ళున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక్క తెలుగువాడికి తెలిసిన విషయం కాఫీ చల్లారేలోపు పదిహేడు వాట్సాప్ గ్రూపులు దాటి, నూజివీడులో రఘు వాళ్ళమ్మ చెవిలో పడుతుంది.

"ఇది గేమ్. బయట తెలుగు మాట్లాడితే ఔట్" అని కూతురికి చెప్పాడు.

ఏడేళ్ళ ఇషిత మొదటి రోజే నలభై సార్లు ఔటయింది.

విశ్వనాథం రోజూ వచ్చేవాడు.

ఒకరోజు టెంటు తాడు వదులుగా ఉందని. ఒకరోజు వాన వచ్చేలా ఉందని. ఒకరోజు గిన్నెతో.

"మీ నాగ్‌పూర్‌లో ఇలాంటిది తింటారా?"

రఘు భార్య త్రివేణి వేలితో నాకి చూసింది. దోసకాయ పచ్చడి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికి కాదు.

"దీన్నేమంటారు అంకుల్?" అంది ఇంగ్లీషులో, మొహం రాయిలా పెట్టి.

"పచ్చడి."

"పచాదీ."

"కాదమ్మా. పచ్-చ-డి."

"పాచ్చాడీ."

నాలుగోసారికి సరిగ్గా పలికింది.

"గుడ్" అన్నాడు విశ్వనాథం, మాస్టారిలా. వెళ్ళబోతూ ఆగాడు. "ఇక్కడ ఎన్నాళ్ళుంటారు? తర్వాత ఎక్కడికి?"

"చూడాలి అంకుల్" అన్నాడు రఘు.

ఆయన వెళ్ళాక గొణిగాడు. "ఎంక్వైరీ కమిషన్. ఇంకో రెండు రోజులైతే మన జీతం కూడా అడుగుతాడు."

"ఒక్కడే ఉన్నాడు రఘూ. ఎవరూ రావడం చూళ్ళేదు."

"ఒంటరిగా ఉండేవాళ్ళే ఎక్కువ ఫోన్లు చేస్తారు."

మర్నాటి నుంచి ఆయన అడుగుల చప్పుడు వినబడితే టెంటు జిప్ లాగేసేవాళ్ళు. ఆయన కాసేపు బయట నిలబడి వెళ్ళిపోయేవాడు. తన కుర్చీని మాత్రం రోజుకో అడుగు ఇటువైపు జరుపుకునేవాడు.

గురువారం రావాల్సిన పాస్‌పోర్టులు మంగళవారానికి మారాయి. ఆ గురువారమే క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసావిడ టెంటు దగ్గరికి వచ్చింది.

"రేపు మధ్యాహ్నానికి ఖాళీ చెయ్యాలి. లాంగ్ వీకెండ్. మీ సైట్ వేరేవాళ్ళు బుక్ చేసుకున్నారు."

రఘు పదకొండు క్యాంప్‌గ్రౌండ్లకి ఫోన్ చేశాడు. అమెరికా మొత్తం చెప్పుకుని ఒకేసారి టెంట్లలోకి దూరినట్టుంది.

"నాలుగు రాత్రులు. కార్లో సర్దుకుందాం" అన్నాడు.

"పిల్లతోనా? దాని జలుబు చూశావా? ఎవరికైనా ఫోన్ చెయ్. ఇంట్లో ఉంచుకుంటారు."

"ఉద్యోగం పోయిందని చెప్పాలి. చెప్పలేను త్రివేణీ."

ఇద్దరూ గేమ్ మర్చిపోయి తెలుగులోనే పోట్లాడుకున్నారు. టెంటు గుడ్డ మందం ఎంతని, పక్క సైట్‌కి వినబడకుండా ఉండటానికి.

శుక్రవారం పొద్దున పక్క సైట్ ఖాళీగా ఉంది. టెంటు లేదు, కుర్చీ లేదు, కారు లేదు.

"మీరు దాన్లోకి మారండి. మంగళవారం దాకా మీదే. ఆయన ఇచ్చి వెళ్ళాడు" అంది ఆఫీసావిడ.

"ఎక్కడికెళ్ళాడు?"

"చెప్పలేదు."

"ఏ కొడుకు ఇంటికో వెళ్ళుంటాడు" అన్నాడు రఘు మేకులు పీకుతూ. "వెకేషన్ బోరు కొట్టినట్టుంది. రిటైరైనవాళ్ళకేం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు."

ఆ నాలుగు రోజులూ గొంతెత్తి తెలుగులో మాట్లాడుకున్నారు, పాడుకున్నారు, పోట్లాడుకున్నారు. వినేవాళ్ళు లేక పోట్లాటకి రుచి రాలేదు.

"అంకుల్ ఎప్పుడొస్తాడు? ఐ వాంట్ టు టెల్ హిమ్ తెలుగు" అని ఇషిత రోజుకోసారి అడిగింది.

మంగళవారం పాస్‌పోర్టులు వచ్చాయి. కారు సర్దేసి, బోర్డర్‌కి బయల్దేరే ముందు ముగ్గురూ ఆఫీసు దగ్గర ఆగారు.

"ఆయన ఇంటి అడ్రస్ కావాలి. ఉత్తరం రాస్తాం" అన్నాడు రఘు.

"తెలుగులో" అంది త్రివేణి.

ఆఫీసావిడ వింతగా చూసింది.

"సొంత అన్నయ్య అడ్రస్ మీ దగ్గర లేదా?"

"అన్నయ్యా?"

"తమ్ముడి కుటుంబం అన్నాడుగా. సీజన్ మొత్తానికి తీసుకున్న సైట్ బయటివాళ్ళకి ఇవ్వనివ్వం."

రఘు కౌంటర్ మీదున్న పెన్ను ఆవిడ వైపు జరిపాడు.

"ఏప్రిల్ నుంచి ఆయన ఉత్తరాలన్నీ దీనికే వస్తున్నాయి" అంటూ ఆవిడ చీటీ మీద ఈ క్యాంప్‌గ్రౌండ్ పేరే రాసి, దాని కింద వాళ్ళు నాలుగు రాత్రులు పడుకుని లేచిన ఆ సైట్ నంబరే వేసింది.