సాకెట్ వెనక డబ్బా

"ఈసారి ప్రతి సాకెట్ వెనకా వైర్ల అతుకులు మూసే డబ్బా పెట్టండి, యుగంధర్ గారూ. గోడ మీద ఉబ్బెత్తుగా కనిపించినా ఫర్వాలేదు," అన్నాడు రఘురామ్, కారు వెనక తగిలించుకెళ్లే చక్రాల ఇల్లులాంటి కొత్త క్యాంపింగ్ ట్రెయిలర్ తలుపు తీస్తూ.

ఎలక్ట్రీషియన్ యుగంధర్ కదల్లేదు. "పాత ట్రెయిలర్‌కి పెడతానంటే మీరే వద్దన్నారు. దారి కుదుపులకి వైర్లు వదులై, రవ్వలు లేచి, ప్లైవుడ్ గోడ అంటుకుంది. నా పని వల్లే కాలిందని మీరు బందరంతా చెప్పారు. ఏడాదిగా నన్నెవరూ పనికి పిలవట్లేదండీ."

"ఆ మంటల్లో మా ఆవిడ చేతులు కాలాయి. డబ్బాలు వద్దన్నది నేనేనని ఆవిడకి ఎలా చెప్పనండీ?"

"ఇప్పటికీ చెప్పలేదా?"

"లేదు."

"ఇందులో కూడా ఆవిడ వస్తారా?"

రఘురామ్ తలూపాడు.

యుగంధర్ నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, సామాను సంచి పట్టుకుని ట్రెయిలర్ ఎక్కాడు.