మడుగు కాడి మంత్రం

"ఈ మడుగులో మాత్రం వద్దప్పా. కిందికి పో, ఆ బండల కాడ వేసుకో."

గంగులయ్య అంత మాటే అని మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు. గట్టు మీద గురప్ప కొత్త గాలం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"యాల పెద్దాయనా? ఏరు నీదా?"

ముసలాయన తల తిప్పలేదు. చేతిలోని పొడుగు కర్ర కూడా కదల్లేదు.

గురప్పకు ఒళ్ళు మండింది. రామసముద్రం మెట్టల్లో గొర్రెలు కాచుకున్న మనిషి అతడు. కుప్పం దగ్గర పాలారు పక్కన మామిడితోట కాపలాకు కుదిరాకే పారే ఏటిని దగ్గరగా చూశాడు. ఇంతవరకు ఒక్క చేప పట్టింది లేదు. పట్టకముందే పుంగనూరులో ఉన్న బామ్మర్ది గిరిబాబుకు ఫోను చేసి, "ఆదివారం రారా, నా చేత్తో పట్టిన చేప పెడతా" అని గొప్పలు పోయాడు.

"గొర్రెలోడివి, నీకు గాలమేంది బావా? చేప మెడకు తాడు కట్టి తోలుకొస్తావా?" అని గిరిబాబు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

గురప్ప బండల దగ్గరకు పోయి గాలం వేశాడు. వానపామును ఏదో కొరుక్కుని పోయింది. మళ్ళీ వేస్తే ముల్లు రాళ్ళ సందున ఇరుక్కుని దారం తెగింది. తిట్టుకుంటూ ఉంటే వెనక నుంచి గంగులయ్య వచ్చాడు. ఏమీ అనకుండా ఇంకో ముల్లు అడిగి తీసుకుని, దారానికి ముడి వేసి, నీళ్ళ మీద తేలే బెండును జానెడు పైకి జరిపాడు.

"నీ నీడ నీళ్ళ మీద పడనీయొద్దు. చేప సూస్తాది," అన్నాడు. అంతే, తిరిగి తన మడుగు దగ్గరకు పోయాడు.

అయినా గురప్పకు ఏమీ పడలేదు. అక్కడేమో ముసలాయన కర్రతో నీళ్ళ మీద తడతాడు, నోట్లో ఏదో గొణుగుతాడు, సంగటి ముద్ద విసురుతాడు. ఇంత లావు చేప పైకి లేచి దాన్ని మింగుతుంది. రోజూ ఇదే వరస.

"ఆయన కాడ మంత్రమేదో ఉండాది. మంచి మడుగు తాను పెట్టుకొని నన్ను బండల కాడికి తోలినాడు," అన్నాడు ఇంటికి వచ్చి భార్య మునీశ్వరితో.

"ఆయన ఇంటికి చేప తీసుకుపోంగా నేను ఒక్క దినమూ సూడలేదే?"

"నీకు సూపించి తీసుకుపోతాడా?"

ఆదివారం తెల్లవారింది. మడుగు దగ్గర గంగులయ్య లేడు. జ్వరమని పాలాయన చెప్పాడు. గురప్ప అటూ ఇటూ చూసి, ముసలాయన కూర్చునే రాతి మీదే కూర్చున్నాడు. ముల్లుకు సంగటి ముద్ద గుచ్చి, ఆయన మాదిరే నీళ్ళ మీద తట్టాడు.

చేప వచ్చింది. తోక ఒక పక్క తెగిన పెద్ద బొచ్చెచేప. అతడి నీడ నీళ్ళ మీద పడినా బెదరలేదు. నేరుగా కాళ్ళ దగ్గరకు వచ్చి నోరు తెరిచింది.

ఆ మధ్యాహ్నం గిరిబాబు పులుసు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు.

"ఏం రుచి బావా! మదనపల్లె అంతా తిరిగినా ఇట్లాంటిది దొరకదు. నిన్ను గొర్రెలోడని అన్నింది తప్పే."

"మంత్రం లేకుండానే పట్టినా సూడు," అని గురప్ప మీసం దువ్వుకున్నాడు.

అతడికి అంతటితో తనివి తీరలేదు. మరుసటి రోజు పొద్దున్నే మిగిలిన పులుసు వేడి చేయించి, డబ్బాలో పోసుకుని ఏటికి పోయాడు. 'నీ మడుగులోదే, రుచి సూడు పెద్దాయనా' అనాలి. ఆ ముఖం ఎట్లా మాడిపోతుందో కళ్ళారా చూడాలి.

గంగులయ్య మెడకు తువ్వాలు చుట్టుకుని రాతి మీద కూర్చుని ఉన్నాడు. సంగటి విసురుతున్నాడు. చిన్న చేపలు మూగుతున్నాయి. వాటిని చూడకుండా ముసలాయన లోతుకేసి చూస్తున్నాడు. మళ్ళీ తట్టాడు. మళ్ళీ చూశాడు.

గురప్ప పక్కకు వచ్చి డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. అప్పుడు కనబడింది అతడికి. ముసలాయన కర్రకు దారం లేదు. ఉత్త కట్టె.

"పెద్దాయనా... నీ గాలం యాడ?"

"గాలమా? అది యాపొద్దో ఇరిసి పారేసినా." గొంతు పూడుకుపోయి మాట గాలిలాగా వచ్చింది. "నా మనవరాలు ఈ మడుగులోనే పోయిందప్పా. నేను గాలమేస్తా ఉంటే నా ఎనకాలే దిగింది. అది పోయినాక ఒక చేప వచ్చి నా కాళ్ళ కాడ నిలబడింది. అప్పుడు ఏలెడంత. తోక తెగిండాది. దానికి పాప పేరే పెట్టుకున్నా. పిలిస్తే యాడున్నా వస్తాది."

గురప్ప డబ్బాను వీపు వెనక్కి జరుపుకున్నాడు. అది చేతిని కాలుస్తూనే ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

గంగులయ్య నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండానే అతడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"జ్వరానికి గొంతు పోయిండాది, దానికి ఇనపడ్లేదేమో. నువ్వు రొంత గట్టిగా పిలువప్పా... సుష్మా, రామ్మా అని."