ఎనిమిది కుర్చీలు

“మా అత్తగారిని హెడ్ టేబుల్‌కి చివర కూర్చోబెడతావా? ఆ తర్వాత ఆవిడ మాటలు పడాల్సింది నేనురా!” రాగిణి పెన్ను బల్ల మీద విసిరింది.

“మరి మా డైరెక్టర్‌ని చివర వేయమంటావా అక్కా? మార్చిలో ప్రమోషన్ లిస్టు వస్తోంది,” అన్నాడు తమ్ముడు శ్రీహర్ష, ఈ పెళ్ళి జరుగుతున్నదే అందుకన్నంత సీరియస్‌గా.

అమెరికాలో, నోవై ఊళ్ళోని రాగిణి ఇంట్లో, ఫంక్షన్ హాల్ వాళ్ళిచ్చిన సీటింగ్ చార్టు ముందేసుకుని కూర్చుని మూడు గంటలైంది. శనివారమే రిసెప్షన్. హెడ్ టేబుల్‌కి ఎనిమిది కుర్చీలు. మధ్యలో రెండూ ఎలాగూ వధూవరులవి. వాటితో ఎవరికీ పనిలేదు. యుద్ధమంతా మిగిలిన ఆరింటి కోసం. పై గదిలో రాగిణి కూతురు వేద కొత్త లెహంగా వేసుకుని అద్దం ముందు గిరగిరా తిరుగుతోంది. కిటికీ బయట మంచు కురుస్తోంది. తల్లి కృష్ణకుమారి ఇద్దరికీ మూడోసారి కాఫీ తెచ్చిపెట్టింది.

“పెళ్ళికొడుకు తరఫున వచ్చేది వాళ్ళక్కగారు ఒక్కరే. ఇంత చలిలో అంత దూరం పిస్కాటవే నుంచి వస్తున్నారు. ఆవిడకొక కుర్చీ ఉంచండర్రా,” అంది.

“ఒక్కరేగా, ఎక్కడైనా అడ్జస్ట్ అవుతారు,” అన్నాడు శ్రీహర్ష. “బఫే పక్కన పన్నెండో టేబుల్ ఖాళీయే. అన్నీ వేడివేడిగా తినొచ్చు.”

“పోనీ, పెళ్ళికూతురికి ఏం కావాలో అడిగారా?”

“పెళ్ళికూతురి పని నవ్వుతూ కూర్చోవడం. ప్లానింగ్ మాది. కాస్త మిక్స్‌చర్ ఏమైనా తెచ్చిపెట్టమ్మా,” అంది రాగిణి.

కృష్ణకుమారి కదల్లేదు. ఈ పెళ్ళి వద్దని ఆర్నెల్లు గోల చేసింది వీళ్ళిద్దరే. నలుగురూ ఏమనుకుంటారన్నారు. తీరా ఒప్పుకున్నాక ఆ నలుగురినే తెచ్చి హెడ్ టేబుల్ దగ్గర కూర్చోబెడుతున్నారు.

ఆమె ఫోన్ తీసి హాల్ మేనేజర్‌కి కలిపింది.

“మీనా, ఆ పెద్ద టేబుల్ తీసేయమ్మా. ఇద్దరు కూర్చునే చిన్నది చాలు. దానికి దగ్గరగా పెళ్ళికొడుకు అక్కగారికి ఒక టేబుల్ వెయ్యి. మా అమ్మాయి, అబ్బాయి, వాళ్ళ వీఐపీలు పన్నెండులో కూర్చుంటారు. ఆఁ, బఫే పక్కదే.”

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక్కసారిగా లేచారు.

“అమ్మా!” రాగిణి గొంతు కీచుమంది. “మేమింత కష్టపడి ప్లాన్ చేస్తే, ఒక్క మాటైనా అడక్కుండా మొత్తం మార్చేయడానికి అసలు నువ్వెవరు?”

కృష్ణకుమారి ఫోన్ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

“పెళ్ళికూతుర్ని.”