పార దిగని నేల

“గీ గోరంత పువ్వుల కోసం గద్వాల నుంచి వచ్చిండ్రా మేడం?”

నాగేశ్ అడిగింది మామూలు మాటే. కానీ భుజం మీది పార దించలేదు.

సౌజన్య తడి నేల మీద బోర్లా పడుకుని కెమెరా సరిచేసుకుంది. గట్టు ఊరు దాటి మూడు కిలోమీటర్లు వస్తే నాగేశ్ కౌలు చేను. దాని వెనక ఈ రాళ్లగుట్ట. వానలు పడ్డాక పదిహేను రోజులు మాత్రం పూసే నేల ఆర్కిడ్లు ఇక్కడున్నాయి. బియ్యపు గింజంత తెల్లపూలు. నిలబడి చూస్తే ఉత్త గడ్డి. పడుకుని చూస్తే వందలు.

“డిగ్రీ కాలేజీల బాటనీ చెప్త. పిల్లలకు చూపియ్యాలె.”

“ఒక్కరే వచ్చిండ్రా?”

“ఒక్కదాన్నే.”

అతను చుట్టూ చూశాడు. కనుచూపు మేరలో మనిషి లేడు. మబ్బు కిందికి దిగుతోంది.

“మా చేన్ల ఒక్కటి గూడ మొలవదేంది?”

“ఒక్కసారి పార దిగితే సాలు. ఏండ్ల దాంక ఆ నేలల మొలవయి.”

ఆమె మోచేతుల మీద పాకుతూ ముందుకు కదిలింది. వెనకే అతని చెప్పుల చప్పుడు.

తంగేడు పొద దగ్గర పూలు ఆగిపోయాయి. చాప పరిచినంత మేర గడ్డి మాత్రం ఏపుగా ఉంది. దాని అవతల మళ్లీ పూలు. ఆమె కెమెరా ఎత్తింది.

“అటు పోకుర్రి. పాములుంటయి.”

అయినా నాలుగుసార్లు నొక్కింది.

“ఏం తీస్తున్నవ్? చూపియ్.”

పార భుజం దిగింది.

ఆమె లేవకుండానే కెమెరా అందించింది. అతను మట్టి బొటనవేలితో ఒక్కొక్క ఫొటో జరిపాడు. తెల్లపూలు. మళ్లీ తెల్లపూలు. నాలుగు అంచులా తెల్లపూలు, నడుమ గడ్డి. చాలాసేపటికి ఊపిరి వదిలాడు.

“పువ్వులే,” అని తిరిగిచ్చాడు. “మల్ల రాకుర్రి.”

స్కూటీ గట్టు బస్టాండు చేరేదాకా సౌజన్య వెనక్కి చూడలేదు. అక్కడ ఆపి, గద్వాలలో మగ్గం నేసే జంగమ్మకు ఫోన్ చేసింది.

“అత్తా, నీ అల్లుడు నాగేశ్ చెప్పినట్టు నీ బిడ్డ ఎవనితోనో లేచిపోలేదు, ఆని చేని ఎనకనే మట్టిల ఉన్నది.”