నలుపు కడితేనే సెలవు

“రోజుకో గంట మీకోసం మీరు దాచుకోవాలి. ఆ గంటలో మీరు తల్లి కాదు, ఉద్యోగి కాదు. కళ్ళ మీద కీరదోస ముక్కలు పెట్టుకుని హాయిగా పడుకోవాలి” అంది మేడమ్ జెనెవీవ్.

ఆమె ‘పడుకోవాలి’ అంటూండగానే వెనక వరుసలో అరబా పడుకుంది. గురక కూడా పెట్టింది.

అది ఒంటరి తల్లుల కోసం ఆఫీసు వాళ్ళు పెట్టించిన సదస్సు. ఉద్యోగాన్నీ పిల్లల్నీ ఒంట్లో ఓపికనీ ఎలా సంబాళించుకోవాలో నేర్పుతారట. శనివారం పెట్టారు. పిల్లల్ని తేకూడదన్నారు. ఒంటరి తల్లి శనివారం పూట పిల్లల్ని ఎక్కడ పెట్టి రావాలో మాత్రం మేడమ్ చెప్పలేదు.

సోమవారం మేనేజరు అంపోఫో పిలిచాడు.

“మీకోసం అంత పెద్దావిడని పిలిపిస్తే గురక పెడతావా? నా పరువేం కాను?”

“నిద్ర లేదు సార్. చిన్నదానికి రాత్రంతా దగ్గు. పెద్దాడికి పరీక్షలు. తెల్లారకముందే లేచి వండి, ట్రోట్రో బండి కోసం పరిగెత్తాలి.”

“అందరికీ ఉండేవే.”

“రెండు రోజులు సెలవిప్పించండి సార్.”

“ఎందుకు?”

“నిద్రపోవడానికి.”

అంపోఫో ఆమెను వింతగా చూశాడు. ఆయన సర్వీసులో సెలవు కోసం ఇంత నిజం ఎవరూ చెప్పలేదు.

“నిద్రకి సెలవేంటమ్మా? రేపు స్నానానికి కూడా అడుగుతావు. పో, పోయి పని చూసుకో.”

ఆయన వెనక గోడ మీద మేడమ్ జెనెవీవ్ బొమ్మ నవ్వుతోంది. ‘మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి’ అని కింద రాసి ఉంది.

అరబా పోయి పని చూసుకుంది. టెమా రేవులో దిగాల్సిన చేపల డబ్బాలకి కాగితాల మీద టకొరాడి అని రాసింది. సరుకు టకొరాడి పోయి ఎండలో కూర్చుంది.

“ఇంకొక్క తప్పు చేశావంటే ఇంటికే” అన్నాడు అంపోఫో.

ఆ ఉద్యోగం పోతే పిల్లలకి కెంకీ ముద్ద కూడా ఉండదు. తండ్రి లేకేం, ఉన్నాడు. కుమాసీలో ఇంకో ఇల్లు పెట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు చేసినా అతని ఫోను చార్జింగులోనే ఉంటుంది. ఇంకో తప్పు జరగకుండా ఉండాలంటే అరబాకి కళ్ళు తెరుచుకోవాలి. అవి తెరుచుకోవాలంటే ముందు కాసేపు మూసుకోవాలి. అక్రాలో ఆ సదుపాయం ఆమెకి ఎక్కడా కనిపించలేదు.

గురువారం అరబా ఆఫీసుకి చావింటి వాళ్ళలా నల్లబట్ట కట్టుకుని, తలకి ఎర్రగుడ్డ చుట్టుకుని వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు.

“ఎవరమ్మా?” అన్నాడు అంపోఫో కళ్ళజోడు తీసి.

“అమ్మ సార్.”

“నిరుడు కూడా అమ్మే కదా?”

“ఆవిడ చిన్నమ్మ సార్. ఈవిడ పెద్దమ్మ.”

అంపోఫో నాలిక కరుచుకున్నాడు. తల్లి అక్కచెల్లెళ్ళంతా తల్లులే. మనిషికి ఎంతమంది తల్లులని లెక్క అడగడం మర్యాద కాదు. ఆయనా ఇప్పటికి చాలామంది తల్లుల్ని సాగనంపాడు, ప్రతిసారీ పూర్తి జీతంతో సెలవు పెట్టి.

“ఆఫీసు బస్సు కట్టించుకుని అందరం వస్తాం. అంత్యక్రియలు ఎప్పుడు పెట్టుకున్నారు?”

“ఇంకా లేదు సార్. పెద్దలు కూర్చుని తేదీ చెప్పాలి.”

“వాళ్ళు కూర్చోరమ్మా, కొట్టుకుంటారు. మా మేనమామ ఆరు నెలలు మార్చురీలోనే ఉన్నాడు. నువ్వు వెళ్ళు. సోమవారం దాకా రాకు. పోనీ, బుధవారం రా.”

అరబాకి ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. పక్క సీటు మాన్సా ఆమె వీపు నిమిరింది.

“చూశారా ఈ చోద్యం! నిద్రకి అడిగితే లేదన్నాడు. చుట్టాలందరికీ వండిపెట్టి నడుం విరగ్గొట్టుకోవడానికి వారం ఇచ్చాడు” అంది అందరికీ వినబడేలా.

ఇంటి దగ్గరా అంతే. నీళ్ళకి వెళ్ళొస్తానన్నా పిల్లల్ని చూడనని మొహం మీదే చెప్పే పక్కింటి డెడే, నల్లబట్ట చూడగానే వచ్చి చిన్నదాన్ని చంకనేసుకుంది.

“అక్కా, దీనికి రాత్రిళ్ళు దగ్గు...”

“నాకు చెప్పకే! ఇంతమందిని పెంచాను. చావుకి వెళ్ళేదాని పిల్లల్ని చూడకపోతే రేపు నా చావుకి ఎవతొస్తుంది? నడు, బస్సు పోతుంది.”

పెద్దాడు ఫీఫీ కొంగు పట్టుకున్నాడు. “నేనూ వస్తానమ్మా.”

“పరీక్షలున్నాయి కదా నాన్నా. వచ్చేస్తాగా.”

అరబా వాడి చెయ్యి విడిపించుకుంది. పిల్లల్ని వదిలేసి వెళ్ళే తల్లీ ఒక తల్లేనా అనుకుంది. అయినా ఆగలేదు.

పెద్దమ్మ ఊరు సాల్ట్‌పాండ్ వెళ్ళే బస్సులో నల్లబట్టకి మర్యాద దక్కింది. కిటికీ పక్క సీటు ఇచ్చారు. బైబిలు పట్టుకున్న ఒక ముసలావిడ అరబా చేతులు రెండూ పట్టుకుని ప్రార్థన చేసింది. “అలసిపోయిన ప్రాణానికి విశ్రాంతి దొరకాలి” అంది.

“ఆమెన్” అంది అరబా. అంత భక్తిగా ఆ మాట ఆమె చర్చిలో కూడా ఎప్పుడూ అనలేదు.

మధ్యాహ్నానికి ఊరు చేరింది. పెద్దమ్మ ఇంటి ముందు కుర్చీలు వేయలేదు. జనం ఇంకా రాలేదు. వాకిట్లో కోళ్ళు తిరుగుతున్నాయి. అరబా సంచీ గుమ్మంలో దించి, కళ్ళు తుడుచుకుని తలుపు తట్టింది.

పెద్దమ్మే వచ్చి తలుపు తీసి, “లోపల పక్క వేసి ఉంచాను, ముందు పోయి పడుకో తల్లీ, ఈసారి నేను దేంతో పోయానో లేచాక చెబుదువుగాని” అంది.